చివరి తొమ్మిది పేజీలు

బజారులో అందరూ కళ్ళజోళ్ళక్క అని పిలిచే నేను, అరవై ఎనిమిదేళ్ళ వయసులో, బుద్ధి స్థిరంగా, కుడికన్ను స్పష్టంగా, ఎడమకన్ను కాస్త మసకగా ఉన్న స్థితిలో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా నా చేత్తో నేనే రాస్తున్న వీలునామా ఇది. ఇంతకుముందు వీలునామా ఏదీ రాయలేదు. నాకు పిల్లలు లేరు. ఉన్నవల్లా ఒక దుకాణం, దాని వెనక రెండు గదులు, ఆ గదుల్లో నాకు కాళ్ళు చాపుకునే చోటు మిగల్చని పుస్తకాలు. దీన్ని అమలు జరిపే బాధ్యత మా వీధి ప్లీడరు గారిది. ఏ పుస్తకమైనా ఆఖరి పేజీ ముందు చదివే మనిషి గనక ఈ పనికి ఆయనే తగినవారు.

1. దుకాణం, వెనక రెండు గదులు, పరీక్ష కుర్చీ, అద్దాలు అరగదీసే యంత్రం, ముప్పై ఏళ్ళుగా నాతో పనిచేస్తున్న మేస్త్రికి చెందవలెను. దాన విక్రయాది సర్వహక్కులతో ఆయన వాటిని అనుభవించవలెను. షరతు ఒక్కటే. వచ్చినవాళ్ళ చేత గోడ మీది అక్షరాల పట్టిక చదివించి పంపెయ్యకూడదు. "ఇప్పుడేం చదువుతున్నారు? అది పట్టుకురండి" అని అడగాలి. ఒకరు పుస్తకాన్ని పొట్ట మీద ఆనించుకుంటారు, ఒకరు ముక్కుకి తగిలించుకుంటారు. ఎవరి దూరం వారిది, అద్దం ఆ దూరానికే బిగించాలి. మేస్త్రి జన్మలో పుస్తకం ముట్టలేదు. ఫరవాలేదు, ఓపిగ్గా వింటాడు.

2. అట్టకార్డుల పెట్టెలు పధ్నాలుగూ, కింద వేరేవాళ్ళకి రాసినవి పోను మిగతా పుస్తకాలూ వీధి గ్రంథాలయానికి. ఒక్కో కార్డు మీద కుడికన్ను పవర్, ఎడమకన్ను పవర్, వాటి కింద ఆ మనిషి అప్పుడు చదువుతున్న పుస్తకం పేరు ఉంటాయి. ఏం చదవాలో తోచనివాళ్ళు ఆ పెట్టెల్లో చెయ్యిపెట్టి ఒక కార్డు లాగితే చాలు. దర్జీ కార్డుల్లో ఇరవై ఏళ్ళుగా ఒకటే పుస్తకం పేరుంటుంది. చూసి నవ్వకండి. అది వాళ్ళమ్మ సగంలో వదిలేసి కన్నుమూసిన పుస్తకం.

3. ఎవరు ఏం చదువుతున్నారో రాసే గుమ్మం పక్క నల్లబోర్డు, డ్యూటీకి వెళుతూ రోజూ దాని ముందు రెండు నిమిషాలు ఆగే నర్సమ్మకి. ఆస్పత్రిలో తనకి నచ్చిన చోట తగిలించుకోవచ్చు. కానీ ‘ఎన్నో పేజీలో ఉన్నారు’ అన్న గడి మాత్రం చెరపకూడదు. పుస్తకం పూర్తి చెయ్యకుండా ‘బాగుంది, చదవండి’ అని ఎవరూ రాయకూడదు. పదకొండేళ్ళ కిందట ఆ గడి గీసింది నేనే. ఎందుకో ఐదో క్లాజులో ఉంది.

4. రెండు సంపుటాల నవలలో మొదటిది ఆరేళ్ళుగా మందుల షాపాయన దగ్గరుంది. అడిగినప్పుడల్లా "ఇంకా చదువుతున్నానండీ" అంటారు. నత్తకిచ్చినా ఈపాటికి ముగించేది. రెండో సంపుటం కూడా ఆయనకే రాస్తున్నాను. అడిగేవాళ్ళు ఉండరు గనక ప్రశాంతంగా చదువుకోవచ్చు.

5. రెండు వీధుల అవతల ఉంటూ పదకొండేళ్ళుగా నాతో మాట్లాడని మా చెల్లెలికి ఒక పుస్తకం, ఒక కళ్ళజోడు. 

భర్త పోయిన రెండో నెలలో తను వచ్చి, "అక్కా, మనసు మళ్ళే పుస్తకం ఏదైనా ఇవ్వవే" అంది. పడవ నడిపే ఒకతని సంసారం గురించిన నవల ఇచ్చాను. నేను చదివానని, హాయిగా ఉంటుందని చెప్పాను. నిజానికి నేను చదివింది సగమే. ఆ సగం హాయిగానే ఉంది. మిగతా సగంలో పడవవాడు ఆస్పత్రి మంచం మీద, అచ్చం మా మరిది పోయినట్టే పోతాడు. చెల్లెలు అక్కడిదాకా చదివి దుకాణానికొచ్చి, నలుగురి ముందు పుస్తకం బల్ల మీద పడేసి, "కావాలనే ఇచ్చావా?" అని అడిగింది.

పూర్తిగా చదవలేదమ్మా అంటే సరిపోయేది. కానీ ఏది చదవమంటారని ఊరంతా వచ్చి అడిగేది నన్ను. ఆ పరువు అడ్డొచ్చింది. "జీవితం అంతేనే" అన్నాను. తను ముఖాన ఉన్న కళ్ళజోడు తీసి, అదీ నేను చేసిచ్చిందే, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాదు.

ఆ నవల పోయిన నెల ముగించాను. పడవవాడు పోయాక ఇంకా తొమ్మిది పేజీలున్నాయి. వాటిలో అతని భార్య, ‘జీవితం అంతే’ అన్నవాళ్ళందరినీ గుమ్మంలోంచే పంపేస్తుంది. నన్నే తిట్టినట్టుంది. తర్వాత ఏం చేస్తుందో నేను చెప్పను, చెల్లెలే చదవాలి.

కళ్ళజోడు కొలత తీసుకుని చేసింది కాదు. బ్యాంకులో తను ఫారాన్ని చెయ్యి చాపి పట్టుకుని చదువుతుంటే స్తంభం చాటునుంచి చూశాను. ఆ దూరాన్నిబట్టి ప్లస్ రెండున్నర పెట్టాను.

6. ఇక్కడిదాకా చదివి ప్లీడరు గారు రెండు మాటలన్నారు. ఒకటి, వాటా పొందేవాళ్ళు సాక్షి సంతకం పెట్టకుండా ఉంటే మంచిదని. రెండోది చట్టంలోది కాదు. "రెండు వీధుల అవతలున్న మనిషికి ఒక మాట చెప్పడానికి చచ్చిపోవడం దేనికండీ?"

కావున ఐదో క్లాజులోని దానాన్ని ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. పుస్తకమూ కళ్ళజోడూ రేపు పొద్దున నేనే పట్టుకెళ్తాను. తలుపు తీయకపోతే మోకాళ్ళు ఒప్పుకున్నంతసేపు మెట్ల మీద కూర్చుంటాను. ఇక చెల్లెలికి వాటా లేదు గనక సాక్షిగా పనికొస్తుంది. తను వచ్చేదాకా సంతకం పెట్టను. ఈలోగా నేను పోతే ఈ కాగితం చెల్లదని ప్లీడరు గారు హెచ్చరించారు. మేస్త్రి నన్ను క్షమించాలి.

రాసిన తేదీ: మార్చి పదకొండు, సోమవారం.

సంతకం చేసిన తేదీ: మార్చి పదిహేను, శుక్రవారం.

వీలునామా కర్త: (సంతకం) కళ్ళజోళ్ళక్క

సాక్షి 1: (సంతకం) వీధి ప్లీడరు

సాక్షి 2: (సంతకం) చెల్లెలు. అక్క నా ఎదుటే సంతకం పెట్టింది. మూడు రోజులు నేను తలుపు తీయలేదు, నాలుగో రోజు దాని మోకాళ్ళని చూసి జాలేసి తీశాను. తొమ్మిది పేజీలూ చదివాను. పవర్ కొంచెం ఎక్కువైంది. సోమవారం దుకాణానికొచ్చి మార్పించుకుంటాను. ఇప్పుడు చదువుతున్న పుస్తకం పట్టుకొస్తాను.