కోటు మీద చిన్న గాటు

జూన్ 12
వన్‌టౌన్, విశాఖపట్నం

శ్రీరామ్మూర్తి మాస్టారికి,
కురుపాం మార్కెట్ వెనక టైలర్ జలీల్ సలాం చెప్పి రాసేది.

మీ ఇంగ్లీషు ఇన్‌స్టిట్యూట్‌లో ఫోన్ ఎవరూ ఎత్తరు. వాట్సాప్ గ్రూపులో మీకు తప్ప ఎవరికీ రాసే హక్కు లేదు. గుమ్మం మీద మాత్రం ‘ఫిర్యాదులు రాతపూర్వకంగా ఇవ్వవలెను’ అని బోర్డు ఉంది కాబట్టి, ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ ఉత్తరం రాస్తున్నాను.

పది రోజులుగా సాయంత్రం ఆరింటికి నేనూ, మా చెల్లెలి కూతురు ఖుష్నుమా ద్వారకా నగర్ వచ్చి ఖాళీ కుర్చీల్లో కూర్చుని వెళ్తున్నాం. మీ ప్యూన్ పైడయ్యని అడిగితే, “మాస్టారు వత్తన్నారు, దార్లో ఉన్నారని సెప్పమన్నారు. ఏ దార్లోనో నాకూ తెల్దు” అంటాడు.

నా సంగతి మీకు తెలుసు. రెడీమేడ్ బట్టలొచ్చాక షాపుకి వారానికి రెండు ప్యాంట్లు వస్తే గొప్ప. రుషికొండలో పెద్ద హోటల్ వాళ్లకి యూనిఫాంలు కుట్టే మాస్టర్ కావాలట. జూలై 18న ఇంటర్వ్యూ, ఇంగ్లీషులోనే. ఇది పోతే ఇక షాపు షట్టర్ దించడమే. నాకు నిజంగా భయంగా ఉంది మాస్టారూ. క్లాసులు ఎప్పుడు మొదలెడతారో చెప్పండి.

ఇట్లు,
జలీల్

తా.క.: ప్రారంభోత్సవం రోజు రిబ్బన్ కత్తిరించడానికి నా కత్తెరే తీసుకున్నారు. ఇప్పటిదాకా మీ క్లాసులో పనిచేసింది అదొక్కటే.

జూన్ 16
ద్వారకా నగర్

విద్యార్థి జలీల్‌కి ఆశీస్సులు.

‘క్లాసులు ఎప్పుడు మొదలెడతారు’ అన్న మీ ప్రశ్నే తప్పు. క్లాసులు మొదలైపోయాయి. జూన్ రెండున ఉదయం తొమ్మిదీ నలభై రెండుకి దివ్యమైన ముహూర్తంలో కొబ్బరికాయ కొట్టాం, దీపం వెలిగించాం, గ్రూప్ ఫోటో దిగాం. ఇంకేం కావాలి?

దీన్ని ఇంగ్లీషులో ‘ద క్లాసెస్ హావ్ బిగన్’ అంటారు. ఇలా అన్నప్పుడు పక్కన తేదీ పెట్టకూడదు. అది వ్యాకరణం, నా చేతుల్లో లేదు. ఫలానా రోజని చెప్పాల్సి వస్తే ‘బిగాన్’ అనాలి. ‘హావ్ బిగాన్’ అని మాత్రం చచ్చినా అనకండి, నా పరువు పోతుంది.

మొదలెట్టడం ఒక ఎత్తు, పాఠం చెప్పడం ఒక ఎత్తు. రెండోది ముప్పైమంది చేరాక చూద్దాం. ప్రస్తుతం తొమ్మిదిమంది ఉన్నారు.

శుభాకాంక్షలతో,
శ్రీరామ్మూర్తి, డైరెక్టర్

తా.క.: ప్రారంభోత్సవం రోజు మీకిచ్చిన నీలం కోటు గుడ్డ సంగతేమిటి? జూలై 20న ఉత్తమ ఆంగ్ల బోధకుడిగా నాకు సన్మానం. ఎప్పుడు మొదలెడతారు?

జూన్ 24
వన్‌టౌన్

మాస్టారికి సలాం.

మీరు నాకంటే నాలుగేళ్లు చిన్న. అయినా ఆశీస్సులు పుచ్చుకున్నాను, ఇన్‌స్టిట్యూట్ నుంచి చేతికొచ్చిందేదీ వదలకూడదని.

మీ ఉత్తరం గోడకి అంటించి ఖుష్నుమా నన్ను రోజూ అప్పచెప్పమంటోంది. ఎయిర్‌పోర్టులో కౌంటర్ ఉద్యోగానికి అది కూడా ఇదే బ్యాచ్‌లో చేరింది కదా. మా ఆవిడ సర్దార్ బీ మాత్రం, “ఏటి, నువ్వు ఇంగిలీసు నేర్సుకోడానికి ఎల్తన్నావా, కుర్సీలు లెక్కెట్టడానికి ఎల్తన్నావా?” అంటోంది. పదిహేడు ఉన్నాయి. ఒకదానికి కాలు లేదు.

మీ కోటు విషయం. ద కోట్ హాజ్ బిగన్. తేదీ అడక్కండి. అది వ్యాకరణం, నా చేతుల్లో లేదు.

ఇట్లు,
జలీల్

తా.క.: నిన్న పైడయ్య బోర్డు తుడిచి, సుద్దముక్కలు పేర్చి, హాజరు తీసుకున్నాడు. ఖుష్నుమాకీ నాకూ ఆయనే నచ్చాడు.

జూలై 1
ద్వారకా నగర్

జలీల్ గారికి,

ఎగతాళి చేస్తున్నారని తెలుసు. అయినా గురువుగా దిద్దడం నా ధర్మం. కోటు తనంతట తాను మొదలవదు. ‘ఐ హావ్ బిగన్ టు స్టిచ్ ద కోట్’ అనండి, ‘ఐ హావ్ స్టార్టెడ్ స్టిచింగ్’ అనండి, రెండూ ఒప్పే. ఇప్పుడిప్పుడే మొదలెడుతుంటే ‘ఐ యామ్ స్టార్టింగ్ టు స్టిచ్’ అనాలి. ‘స్టార్టింగ్ స్టిచింగ్’ అంటే చెవికి ఇంపుగా ఉండదు.

ఇక ఆషాఢం వచ్చేసింది. ఈ నెల్లో పాఠాలు మొదలెట్టరు. అది మా ఇంటి పద్ధతి.

మీ మీద నాకు నమ్మకం పోయింది. పైడయ్యని పంపుతున్నాను. గుడ్డ వెనక్కి ఇచ్చేయండి, మధురవాడలో వేరే టైలర్‌కి ఇస్తాను.

శ్రీరామ్మూర్తి

తా.క.: మీ కత్తెర కూడా పైడయ్య చేత పంపుతున్నాను. రిబ్బన్ జిగురు అంటుకుంది, మీరే తుడుచుకోండి.

జూలై 5
వన్‌టౌన్

మాస్టారికి సలాం.

పైడయ్యని టీ ఇచ్చి ఉత్త చేతులతో పంపాను. గుడ్డ ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ అందులో చిన్న గాటు ఉంది.

మా వృత్తి రహస్యం చెబుతున్నాను, ఎవరికీ చెప్పకండి. గుడ్డ చేతికి రాగానే మెడ దగ్గర కత్తెరతో కాస్త గాటు పెడతాం. కుట్టేది ఎప్పుడో అల్లాకే తెలియాలి. కానీ గాటు పడిన గుడ్డని ఇంకో టైలర్ ముట్టడు. గిరాకీ ఎక్కడికీ పోడు, మా గుమ్మం చుట్టూనే తిరుగుతాడు. మా నాన్న నాకు మొట్టమొదట నేర్పింది కుట్టడం కాదు, గాటు పెట్టడం.

మీరు కొబ్బరికాయ కొట్టారు. నేను గాటు పెట్టాను. ఇద్దరం ఒక బడిలోనే చదువుకున్నట్టున్నాం.

ఇట్లు,
జలీల్

తా.క.: ఆషాఢంలో పాఠాలు కుదరవు గాని సన్మానాలు కుదురుతాయన్నమాట. రాసుకున్నాను.

జూలై 9
ద్వారకా నగర్

అన్నా జలీల్ గారూ,

నమస్కారం. పరువు మీ చేతుల్లో ఉంది. ఆహ్వాన పత్రికలు పంచేశాం. నా పాత కోటు బొత్తాలు ఇప్పుడు కలవవు. దయచేసి కుట్టండి. క్లాసులు ‘ఆర్ అబౌట్ టు బిగిన్’. అంటే ఇదిగో, అదిగో అని.

మీ తమ్ముడు,
శ్రీరామ్మూర్తి

తా.క.: భుజాల దగ్గర కాస్త వదులుగా. దండలు పడతాయి.

జూలై 19
వన్‌టౌన్

తమ్ముడికి అన్న దీవెనలు. మీరు పిలిచిన వరుసే.

నిన్న ఇంటర్వ్యూ అయింది. మేనేజర్ నీలిమ మేడమ్ మా షాపు గురించి అడిగారు. ‘ఐ బిగాన్ ఇన్ నైన్టీన్ ఎయిటీ ఎయిట్’ అన్నాను. తేదీ ఉంది కాబట్టి బిగాన్. మీ మొదటి ఉత్తరమే.

తర్వాత ‘వెన్ కెన్ యూ స్టార్ట్?’ అన్నారు. బయట ఇంకా ముగ్గురు టైలర్లు కూర్చున్నారు, అందరూ కుర్రాళ్లు. బల్ల మీద వెయిటర్ల యూనిఫాం గుడ్డ తాను ఉంది. జేబులో కత్తెర ఉంది. ఏం ఆలోచించానో నాకే తెలీదు, లేచి అంచున చిన్న గాటు పెట్టేసి, ‘ఐ హావ్ స్టార్టెడ్, మేడమ్’ అన్నాను.

ఆవిడ గాటు వంక చూశారు, నా వంక చూశారు. ఆవిడ వాళ్ల నాన్న కూడా టైలరేనట, శ్రీకాకుళంలో. పడీపడీ నవ్వి, బయట వాళ్లని వెళ్లిపొమ్మని చెప్పించారు. సోమవారం నుంచి ఉద్యోగం. ఇంటికొచ్చి సర్దార్ బీకి చెబుతూ ఏడ్చేశాను.

మీరు చెప్పిన క్లాసు ఒక్కటీ లేదు. కానీ ఎగ్గొట్టడానికి మీరు రాసిన ఉత్తరాలే నాకు పాఠాలయ్యాయి. ఆ ఋణం ఉంచుకోను. పైడయ్య చేతికి కోటు ఇచ్చి పంపుతున్నాను. భుజాలు వదులుగానే ఉంచాను.

మీ అన్న,
జలీల్

తా.క.: కుడిచెయ్యి మిషన్ మీద గట్టిగా కుట్టాను. ఎడమచెయ్యికి కచ్చా కుట్టే వేశాను, లాగితే ఊడి వస్తుంది. రేపు స్టేజీ మీద రెండు చేతులూ ఎత్తి దండం పెట్టకండి. ఖుష్నుమాతో కలిపి ఇంకా ఎనిమిదిమంది ఆ కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. వాళ్లకి మొదటి పాఠం చెప్పిన రోజు కోటు వేసుకునే రండి, రెండో చెయ్యి కుట్టి ఇస్తాను. ఐ హావ్ బిగన్.