వెనక సీటు మీద గాలి

చాండ్లర్, ఆగస్టు 22, 2009

చిరంజీవి రామమోహన్‌ని బావ వీరభద్రం హెల్మెట్ తీసి మరీ ఆశీర్వదించి రాస్తున్నది.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్ చేస్తే మీ అక్క దమయంతి వంటింట్లో రెండో రిసీవర్ ఎత్తి వింటుంది. ఈమెయిల్ పాస్‌వర్డ్ పెట్టిందే ఆవిడ. అందుకే ఆఫీస్‌లో కూర్చుని రాస్తున్నాను. జవాబు కూడా ఆఫీస్ అడ్రస్‌కే పంపు.

నేను టూరింగ్ బైక్ కొన్న సంగతి నీకు తెలిసిందే. నువ్వు పదిహేనేళ్లుగా నడుపుతున్నావన్న ధైర్యంతోనే కొన్నాను. నవంబరు 22కి మా పెళ్లయి పాతికేళ్లు. ఆ రోజు మీ అక్కని వెనక కూర్చోబెట్టుకుని సెడోనా ఎర్రకొండల దాకా వెళ్లాలని నా ఆశ. ఇన్నేళ్లూ కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీ షిఫ్టులతో ఆవిడని విసిగించాను. ఒక్కరోజైనా సరదాగా తిప్పాలని ఉండదా మనిషికి?

మొన్న ట్రయల్‌కని ఫ్రీవే ఎక్కించాను. డెబ్భై మైళ్ల స్పీడ్ రాగానే గాలి మా ఇద్దరి హెల్మెట్లనీ అటూ ఇటూ వాయించి వదిలిపెట్టింది. ఎదురుగా విండ్‌షీల్డ్ ఉంది కదా, మరి ఆ గాలి ఎక్కణ్ణుంచి వచ్చిందో! ఇంటికి రాగానే మీ అక్క, "నా తలకాయని మిక్సీలో వేసి తిప్పినట్టుందండీ. ఇంక ఈ బండెక్కితే ఒట్టు" అనేసింది. ఆవిడ ఎక్కని బండి నాకెందుకు? పెళ్లిరోజు లోపల ఈ గాలి సంగతి తేల్చకపోతే అమ్మేస్తాను. నువ్వే దారి చూపించాలి.

ఇట్లు, గాలి దెబ్బ తిన్న మీ బావ.

తా.క.: మీ అక్క నాలుగు రోజులుగా నాతో గట్టిగా అరుస్తూ మాట్లాడుతోంది. కోపం కాదట, చెవుల్లో హోరు ఇంకా తగ్గలేదట.

*

షాంటిలీ, ఆగస్టు 30

పూజ్యులైన బావగారికి రామమోహన్ దూరం నుంచే చేతులు జోడించి రాస్తున్నది.

మిమ్మల్ని కొట్టింది మామూలు గాలి కాదు. విండ్‌షీల్డ్ పై అంచుకి తగిలి చెదిరిన గాలి. తిన్నగా వచ్చే గాలి ఊరికే వెనక్కి నెడుతుంది, అంతే. చెదిరిన గాలి సుడులు తిరుగుతూ లెంపకాయలు కొడుతుంది. ఆ సుడి ఎంత ఎత్తులో ఉందో ముందు కనుక్కోండి. కాసేపు పైకి లేచి, కాసేపు వంగి నడిపి చూడండి. మోత ఎక్కడ తగ్గిందో రాయండి. తొందరపడి ఏదీ కొనకండి.

ఇట్లు, విధేయుడైన మీ బావమరిది.

తా.క.: అక్కకి చెప్పనులెండి. చిన్నప్పుడు నేను పగలగొట్టిన ఊరగాయ జాడీ సంగతే ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

*

చాండ్లర్, సెప్టెంబరు 12

చిరంజీవి రామమోహన్‌కి బావ దీవెనలు, సగం సంతోషంతో.

నువ్వు చెప్పినట్టే వంగి నడిపాను. వంగితే మోత మాయం! అంటే షీల్డ్ ఎత్తు చాలలేదన్నమాటే కదా? వెంటనే జానెడు ఎత్తు ఎక్కువున్న షీల్డ్ కొనేశాను. కొనొద్దన్నావు, గుర్తుంది. కానీ ఇంజనీర్ బుర్ర ఊరుకుంటుందా? ఇప్పుడు నా తల దగ్గర చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది.

ఆ సంబరంలో మీ అక్కని బతిమాలి బతిమాలి ఒక్క రౌండ్ తిప్పాను. దిగీ దిగగానే, "ఇదివరకు మిక్సీ, ఇప్పుడు గ్రైండర్" అని లోపలికి వెళ్లి తలుపేసుకుంది. నాకేమీ పాలుపోవట్లేదు.

ఇట్లు, ముందు సీట్లో సుఖంగా, ఇంట్లో కష్టంగా ఉన్న మీ బావ.

తా.క.: వంగి నడుపుతుంటే పోలీసు ఆపాడు. కడుపునొప్పా, అంబులెన్స్ పిలవనా అని అడిగాడు. చాలా మంచివాడు.

*

షాంటిలీ, సెప్టెంబరు 20

బావగారికి నమస్కారాలు, కొంచెం విసుగుతో.

మీ తల దగ్గరున్న సుడిని తీసుకెళ్లి మా అక్క తల మీద పెట్టారు. ఎత్తు పెంచితే గాలి పోదండీ, మీ వెనకాల దిగుతుంది. పాత షీల్డే మళ్లీ బిగించండి. రెండంగుళాలు కిందికి దించి, అడుగున వాషర్లు పెట్టి వేలెడు సందు వదలండి. ఆ సందులోంచి కాస్త గాలి లోపలికొస్తే సుడి చల్లబడుతుంది.

ఆ తర్వాత వెనక సీటు మీద అక్క ఎత్తున్న బరువేదైనా కట్టి, దానికి ఊలు దారాలు వేలాడదీయండి. ఎవరినైనా కార్‌లో వెనకే వచ్చి చూడమనండి. దారాలు పిచ్చిపట్టినట్టు కొట్టుకుంటే సుడి ఉన్నట్టు. తిన్నగా వెనక్కి సాగితే పోయినట్టు.

ఇట్లు, రామమోహన్.

తా.క.: దయచేసి అక్కని మళ్లీ బతిమాలకండి. నిన్న నాకు ఫోన్ చేసి, "మీ బావకి గాలి సోకిందిరా, ఎవరితోనైనా మంత్రం వేయించాలి" అంది.

*

షాంటిలీ, అక్టోబరు 5

వీరభద్రం గారికి,

నమస్కారం అని రాయడానికి చెయ్యి రావట్లేదు. అక్క ఇప్పుడే ఏడుస్తూ ఫోన్ చేసింది. శనివారం పొద్దున ఇండియన్ స్టోర్ దగ్గర మీ పక్కింటి ఉషా గారు అంతా కళ్లారా చూశారట. మీ బండి వెనక ఒక ఆడమనిషి. మా అక్క ఎర్ర జాకెట్, మా అక్క హెల్మెట్! సిగ్నల్ దగ్గర మీరు వెనక్కి తిరిగి ఆవిడ నడుముకి కట్టు బిగించారట. ఆవిడ కదల్లేదు, మెదల్లేదు, అంత చనువట. పైగా మీ ఫ్రెండ్ రాఘవులు కార్‌లో వెనకే వస్తూ ఫొటోలు తీస్తున్నాడట!

నేను అక్క ఎత్తున్న బరువు కట్టమన్నానా, ఆడమనిషిని కూర్చోబెట్టమన్నానా? అక్క బట్టలు సర్దుకుని తన స్నేహితురాలు జయంతి వాళ్లింటికి వెళ్లిపోయింది. పాతికేళ్ల కాపురం అండీ! సిగ్గుగా లేదూ?

రామమోహన్.

తా.క.: ఆవిడకి గాలి కొట్టలేదట కదా, నిటారుగా కూర్చుందట. నా సలహా ఎవరికి ఉపయోగపడిందో తలుచుకుంటే ఒళ్లు మండుతోంది.

*

చాండ్లర్, అక్టోబరు 9

నాయనా రామమోహన్, నీ బావ దణ్ణం పెట్టి రాస్తున్నాడు.

ఆవిడ పేరు సోనా మసూరి. ఇరవై పౌన్ల బియ్యం బస్తాలు రెండు, ఒకదాని మీద ఒకటి. పైన దిండు, దిండు మీద హెల్మెట్. మీ అక్క మీదికి గాలి ఎలా వస్తుందో అచ్చం అలాగే రావాలని ఆవిడ జాకెట్ తొడిగి, పాత చీరతో కట్టాను. సిగ్నల్ దగ్గర ముడి వదులైతే బిగించాను. అదీ నా చనువు!

ఇందులో శుభవార్త ఒకటుంది, చెప్పుకోడానికి మనిషి లేదు. పాత షీల్డ్ నువ్వు చెప్పినట్టే దించి, కింద సందు వదిలితే దారాలన్నీ బుద్ధిగా వెనక్కి సాగాయి. గాలి లొంగింది. ఇంట్లో ఇల్లాలు లేదు. నాలుగు రోజుల నుంచీ ఒక్కణ్ణే ఈ వంటింట్లో నిలబడి పెరుగన్నం తింటున్నాను. చాలా బెంగగా ఉంది రామమోహన్. బండి అమ్మేస్తాను, ఆవిడని మాత్రం రమ్మని చెప్పు. ఫోన్ చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తోంది.

ఇట్లు, మీ బావ.

తా.క.: రాఘవులు తీసిన ఫొటోలు పంపుతున్నాను, మీ అక్కకి పంపించు. మూడో ఫొటో చూస్తే ఆవిడే నమ్ముతుంది. అందులో బస్తా చిరిగింది. మా వెనకాల రోడ్డు పొడుగునా పావురాలే.

*

చాండ్లర్, నవంబరు 23

తమ్ముడికి అక్క దమయంతి బోలెడంత ప్రేమతో రాస్తున్నది.

నువ్వు పంపిన ఫొటోలు చూసి నేనూ జయంతీ కడుపు చెక్కలయ్యేలా నవ్వాం. ఆ సాయంత్రమే ఇంటికొచ్చేశాను. పాతికేళ్లలో నా కోసం ఈయన ఇంత వెర్రి పని చేయడం ఇదే మొదటిసారిరా. కోపం ఎక్కడ నిలుస్తుంది?

మర్నాడే బండెక్కాను. గాలి నిజంగానే ఆగింది. తల నిశ్చింతగా ఉంది, చెవుల్లో హోరు లేదు. తీరా గాలి ఆగాక తెలిసింది, అయినా నాకు ఆ వెనక సీటు నచ్చలేదని. ఇన్నాళ్లూ గాలి మీద నెట్టేశాను. అక్కణ్ణుంచి నాకు కనపడేది మీ బావ వీపొక్కటే. రేపు ఎర్రకొండలొచ్చినా ఆ వీపే కదా!

భయపడుతూనే చెప్పాను, మొహం మాడ్చుకుంటారేమోనని. మీ బావ బండి తాళాలు నా చేతిలో పెట్టి, "నేర్చుకుంటావా దమయంతీ?" అన్నారు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. మర్నాడే మోటార్‌సైకిల్ క్లాస్‌లో చేర్పించారు. క్లాస్‌లో యాభై ఏళ్లదాన్ని నేనొక్కదాన్నే. రెండుసార్లు పడ్డాను, మూడోసారి పాసయ్యాను. ఆ తర్వాత మూడు వారాలు రోజూ పొద్దున్నే ఖాళీ పార్కింగ్ లాట్‌లో ఈయన్ని వెనకేసుకుని తిప్పాను.

నిన్న సెడోనా వెళ్లొచ్చాం. కొండ మలుపులు ఆయన నడిపారు, తిన్నటి రోడ్డంతా నేనే. ఎర్రకొండలు ఎదురుగా కనపడినప్పుడు హ్యాండిల్ నా చేతిలోనే ఉంది. ఆ సంతోషం నీకెలా చెప్పను!

నేను అయిదడుగులే కదా, ముందు కూర్చుంటే ఆ షీల్డ్ నాకు కొలత తీసి కుట్టించినట్టుంది. మీ బావ ఆరడుగులు. నా వెనక కూర్చుంటే గాలంతా సరిగ్గా ఆయన తలకే తగులుతోంది.

ఇట్లు, నీ అక్క.

తా.క.: పొడుగు మనిషి వెనక కూర్చుంటే గాలి తగ్గించే ఉపాయం వెంటనే రాయమని మీ బావ పక్కన నిలబడి నా చేత రాయిస్తున్నారు. తొందరేం లేదులేరా, నీకు తీరికైనప్పుడే రాయి.