గంటల మోతలో కోల్బీ

క్లేటన్ ఫోర్క్,
అక్టోబరు 9, 1983, ఆదివారం

చెల్లెలు లొరైన్‌కు,

అన్న వెర్నన్ ఆశీస్సులు. ఇక్కడ మేం క్షేమం. నువ్వూ నీ ఆవులూ బాగున్నారని తలుస్తాను. మీ వదిన నడుం నొప్పి కాస్త తగ్గింది.

పాలు పితికే పని వదిలి నీ కొడుకు కాలేజీ ఫుట్‌బాల్ ఆటకు రాలేవు కాబట్టి, మన స్టేడియం, అవతలి జట్టు స్టేడియం ఎలా ఉన్నాయో పోల్చి రాయమన్నావు. రాస్తాను. ముందు కోల్బీ సంగతి చెప్పాలి. ఫోను చేద్దామని తీసి మళ్ళీ పెట్టేశాను.

పోయిన వారం ఇక్కడ జరిగిన ఆటలో, వరుసలో వంగి కాచుకున్న నీ కొడుకు ప్రతిసారీ మిగతావాళ్ళకన్నా ఒక క్షణం ఆలస్యంగా లేచాడు. బంతి విసిరే కుర్రాడికి అడ్డుగోడలా నిలవడం వాడి పని. వాడు ఆలస్యమైతే అవతలివాళ్ళు దూసుకొచ్చి ఆ కుర్రాడి మీద పడతారు. రెండుసార్లు పడ్డారు. రెండోసారి అతన్ని ఇద్దరు పట్టుకుని బయటికి నడిపించారు. వచ్చే శనివారం మళ్ళీ ఇక్కడే ఆట. ఇంకెవరికైనా ఎముక విరుగుతుందేమోనని నా భయం.

మన స్టేడియం సంగతి నీకు తెలిసిందే. పొద్దున్నే ట్రక్కుల వెనక తలుపులు దించి మాంసం కాలుస్తారు. బంతి అవతలివాళ్ళ చేతిలో ఉంటే చెవులు చిల్లులు పడేలా అరుస్తారు. మనవాళ్ళ చేతికి రాగానే నోళ్ళు కట్టేసినట్టు ఊరుకుంటారు, బంతి విసిరేవాడి కేక మనవాళ్ళకు వినపడాలని. ఆ కేక మీదే వరుసంతా ఒక్కసారి లేవాలి. అంత నిశ్శబ్దంలో నీ కొడుకు ఒక్కడే వంగి ఉండిపోయాడు. నా వెనక కూర్చున్న ధాన్యం గోదాము ఎల్‌రాయ్, "లేవరా నాయనా, మీ అమ్మ కాఫీ తెచ్చింది" అని అరిచాడు. చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. నేను తల తిప్పలేదు.

నిన్న ఆటకు అవతలి జట్టు ఊరు వెళ్ళాం. మాంసం మనకన్నా బాగా కాలుస్తారు, ఒప్పుకోవాలి. గోల మాత్రం భరించలేం. మనిషికో ఆవు మెడ గంట. నీ కొట్టంలో ఒక్కటీ మిగలకుండా అన్నీ ఎత్తుకొచ్చారేమో అనిపించింది. మన చేతికి బంతి వస్తే చాలు, ఇక ఆపరు. కేక ఎవరికీ వినపడదు గనక, మధ్యలో బంతి అందించేవాడు తల ఊపగానే లేవాలని మనవాళ్ళు ముందే అనుకున్నారు. అక్కడ కోల్బీ ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు. "వీడికి మన మొహాలు చూస్తేనే నిద్రొస్తుంది కాబోలు" అన్నాడు ఎల్‌రాయ్. అది వాడి మెచ్చుకోలు.

నాకు అంతు పట్టడం లేదు. సొంతవాళ్ళు చూస్తున్నారని బెదురుతున్నాడా? ఇంకేదైనా దిగులా? ఇవాళ భోజనానికి రమ్మన్నాను. నెమ్మదిగా అడుగుతాను.

ఇట్లు,
నీ అన్న
వెర్నన్

తా.క.: కవరు అంటించకుండా ఉంచడం మంచిదైంది. బల్ల దగ్గర వాడి కుడి పక్కన కూర్చుని, ఇంకో ముక్క వెయ్యనా అని అడిగాను. పళ్ళెంలోంచి తలెత్తలేదు. గట్టిగా అడిగినా అంతే. మీ వదిన ఎదురుగా నిలబడి అడిగితే వెంటనే పళ్ళెం చాపాడు. తర్వాత వాకిట్లోకి తీసుకెళ్ళి, మొహంలో మొహం పెట్టి అడిగాను. ఆగస్టులో సాధన చేస్తుంటే తలకు దెబ్బ తగిలిందట. కుడి చెవి అప్పుడే పోయింది. ఎడమది కూడా తగ్గుతోంది. "ఆ గంటల్లో ఎవరికీ ఏమీ వినపడదు మామా. అక్కడ అందరూ నాలాగే" అన్నాడు. అమ్మకు చెప్పొద్దన్నాడు. చెప్తానని వాడి మొహం మీదే అన్నాను. రేపు కోచ్ దగ్గరికీ, అక్కణ్ణుంచి డాక్టరు దగ్గరికీ తీసుకెళ్తున్నాను. శనివారం వాడు ఆడడు, మాతో పాటు కూర్చుంటాడు. ఆవుల్ని ఎవరికైనా అప్పగించి రా. వాడికి ఎడమ పక్కన కూర్చో.