మహిళల మరుగుదొడ్డి రెండో గది తాళం గురించి

కార్యాలయ భవన నిర్వహణాధికారి గారి సముఖమునకు, సదరు భవనంలో మరుగుదొడ్ల మరమ్మతు చేయు ప్లంబర్ రాసుకొను అర్జీ.

విషయం: కింది అంతస్తు మహిళల మరుగుదొడ్డి రెండో గదికి తమరు వేయించిన తాళమును ఈ పూటే తీయించుట గురించి.

అయ్యా,

1. పని ఆలస్యమునకు సంజాయిషీ కోరుతూ తమరు ఇచ్చిన మెమో అందినది. పైపులు మార్చుట, కొత్త టైల్స్ పరచుట, ఫ్యాన్లు బిగించుట ఎప్పుడో పూర్తి అయినవి, రెండో గది తప్ప. ఆ గదిని నేను కావాలనే ఆపితిని. ఇందువల్ల మహిళా సిబ్బంది మెట్లెక్కి పై అంతస్తుకు పోవలసి వచ్చినది. వారికి నా క్షమాపణలు.

2. "పని స్థలములో అనధికార వ్యక్తి సంచారము" అని మెమోలో పేర్కొన్న ఆ వ్యక్తి నా కూతురు. పదకొండేళ్ల పిల్ల. ఆటిజం ఉంది, మాటలు రావు. పుట్టినప్పటి నుంచి డైపర్‌లో తప్ప వెళ్లి ఎరగదు. ఇంట్లో బాత్రూం తలుపు తీస్తే చాలు, చెవులు మూసుకుని ఇల్లు పీకి పందిరి వేస్తుంది. స్కూల్లో ఆయా, "ఇంత పెద్దపిల్లని ఎత్తి మార్చడం నావల్ల కాదు బాబూ, నడుం పట్టేస్తోంది" అంది. ఆమెను తప్పుపట్టలేను. డైపర్ లేకుండా వస్తేనే వచ్చే టర్ముకు చేర్చుకుంటామని హెడ్ మేడం తేల్చి చెప్పారు. ఊళ్లో ఇలాంటి పిల్లలకు ఉన్నది ఆ ఒక్క స్కూలే.

3. నా భార్య ఆస్పత్రి లాండ్రీలో పనిచేయుచున్నందున, స్కూలు వదలగానే పిల్ల నాతోనే ఉండును. తమరే చెప్పండి, ఎదిగిన ఆడపిల్లను తండ్రి ఏ మరుగుదొడ్డికి తీసుకుపోవలెను? ఆడవాళ్ల వైపు నన్ను రానివ్వరు. మగవాళ్ల వైపు దాన్ని తీసుకుపోవడానికి నాకు మనసొప్పదు. "మరమ్మతు జరుగుచున్నది, లోనికి రాకూడదు" అని నేను బోర్డు తగిలించిన చోటు ఒక్కటే మా ఇద్దరికీ దొరికింది. రెండో గదిలో పాత నీలం టైల్స్ ఉన్నవి. ఫ్యాను చెడిపోయి ఉన్నందున చప్పుడు లేదు. ఒకనాడు నేను పైపు బిగిస్తుండగా, ఎవరూ చెప్పకుండానే పోయి ఆ కమోడ్ మీద కూర్చుంది. డైపర్‌తోనే అనుకోండి. అయినా కూర్చుంది!

4. "చెత్తబుట్టలో కత్తిరించిన డైపర్లు దొరికినవి, వివరణ ఇవ్వవలెను" అని కోరితిరి. వివరణ: డైపర్ విప్పితే పిల్ల కొయ్యబారిపోవును. అందుచేత వాళ్ల టీచరు సలహాపై, డైపర్ ఉంచే కూర్చోబెట్టి, అడుగున కత్తెరతో చిన్న రంధ్రము చేసితిని. అలవాటు పడిన కొద్దీ రంధ్రమును పెంచుతూ పోగా చివరకు నడుం చుట్టూ పట్టీ మాత్రమే మిగిలినది. ఆ పట్టీ కూడా లేకుండా పని అయిన రోజు నా భార్యకు ఫోన్ చేస్తే, "నిజంగానా? నా మీద ఒట్టేసి చెప్పు!" అని భోరున ఏడ్చింది. దీనికీ ఏడుస్తారా అని తమరికి అనిపించవచ్చు. ఏడుస్తారండీ.

5. ఆ మరునాడే తమరు తనిఖీకి వచ్చి, "ఎవర్రా లోపల? తియ్!" అని తలుపు బాదితిరి. లోపల ఉన్నది ఎవరో తమరికి తెలియదు. నేను నీళ్లు తేవడానికి పోయి ఉన్నాను, అది నా ఖర్మ. పని రద్దయినది, తాళం పడినది. అప్పటి నుంచి పిల్ల బిగబట్టుకుని ఉంది. మళ్లీ డైపర్ తొడిగినా వెళ్లడం లేదు. కడుపు రాయిలా అయింది, అన్నం ముట్టడం లేదు. మందు పనిచేయకపోతే రేపు ఆస్పత్రిలో చేర్చి మత్తిచ్చి తీయాలన్నారు డాక్టరు గారు. "మొండిఘటం" అని పక్కింటావిడ అంటే నాకు ఒళ్లు మండిపోయింది. మొండితనం కాదండీ, భయం.

6. కావున తాళం తీయించి, ఆ గదిని కొన్నాళ్లు అలాగే ఉండనివ్వ ప్రార్థన. కాంట్రాక్టు ఎవరికిచ్చుకున్నా అభ్యంతరం లేదు. పాత కమోడ్ ఎటూ పారేసేదే గనక నాకు ఇప్పించినచో, ఇంట్లో బిగించి, నీలం టైల్స్ వెతికి వేసి, పిల్లకు మెల్లగా అలవాటు చేసుకుంటాము.

తమ గది బయట బెంచీ మీద, పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని రాసిన ఈ అర్జీని అన్ని ఫైళ్ల కంటే ముందు చిత్తగించవలెనని వేడుకొను,

తమ విధేయుడు,
ప్లంబర్

తా.క.: "సారు మీటింగులో ఉన్నారు, సాయంత్రం దాకా కదిలేది లేదు" అన్నాడు మీ అటెండరు. నేను అతన్ని బతిమాలుతుండగా పిల్ల చెయ్యి విడిపించుకుని పోయింది. పరుగెత్తి చూస్తే తాళం వేసిన ఆ తలుపుకు నుదురు ఆనించి, పొట్ట పట్టుకుని నిలబడి ఉంది. సార్, తనంతట తాను వచ్చింది. ఇన్నేళ్లలో "నాకు వస్తోంది" అని అది నాకు చెప్పడం ఇదే మొదటిసారి.

మీ తాళం చెక్కుచెదరలేదు. గొళ్ళెం మాత్రం రెంచితో పీకేశాను. కేసు పెట్టుకున్నా సరే. పిల్ల లోపల ఉంది, నేను తలుపుకు అడ్డంగా కూర్చుని ఇది రాస్తున్నాను. అటెండరు తెచ్చిస్తాడు. మీరు రండి, తప్పకుండా రండి, కాకపోతే కొంచెం ఆగి రండి.