పదకొండు జప్తు కాగితాల్లో కనిపించిన పేరు

జప్తు రికార్డుల విభాగాధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: జప్తు రికార్డుల సూచికలో ఒక తాళాల పనివాని పేరు పదకొండు చోట్ల హోదా లేకుండా నమోదై ఉన్నందున, ఆయన ఏ పనిమీద అక్కడ ఉన్నాడో తెలుపుతూ ఒక్క వాక్యపు ధ్రువపత్రమును ఈ నెల ఇరవై ఐదవ తేదీలోగా ఇప్పించుట గురించి.

సంబంధిత పత్రములు: ఇదే విషయమై నేను పెట్టుకున్న మూడు అర్జీలు. వాటికి తమ కార్యాలయము నుండి వచ్చిన జవాబులు, సున్నా.

పై విషయమును పురస్కరించుకొని విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను డిగ్రీ చదివి, ఒక చిన్న సంస్థలో ఉద్యోగము చేయుచున్నాను. విదేశీ కంపెనీలు ఇక్కడి వారెవరితోనైనా ఒప్పందము చేసుకొనే ముందు ఆ మనిషి పూర్వాపరాలు వాకబు చేసి నివేదిక పంపుట మా సంస్థ పని. ఇల్లు అద్దెకిచ్చేముందు ఇరుగుపొరుగుని ఆరా తీయడం లాంటిదే. తేడా ఏమిటంటే, మేం ఇరుగుపొరుగుని అడగం. కంప్యూటరుని అడుగుతాం.

2. గత నెల మొదటి వారములో, బీరువాలూ బ్యాంకుల ఖజానా తలుపులూ తయారుచేసే ఒక విదేశీ కంపెనీ, ఈ ఊళ్ళో తమ తాళాల మరమ్మతులకు ఒక పెద్దాయనను ఎంచుకొని, ఆయన నేపథ్యము చూడమని మాకు రాసినది. ఆ ఫైలు నాకు వచ్చినది. తమ విభాగము వారు అందరికీ అందుబాటులో ఉంచిన సూచికలో ఆయన పేరు కొట్టాను. పదకొండు జప్తులు తేలాయి. ఆ సూచికలో ఇంటి యజమాని, సాక్షి, అధికారి, అందరి పేర్లూ ఒకే వరుసలో కామాలతో ఉంటాయి. ఎవరు ఎవరో ఉండదు.

మా ఫారములో 'ప్రతికూల సమాచారము' అను శీర్షిక కింద ఒకటే గడి ఉన్నది: పేరు ఎన్నిసార్లు కనిపించినది? మూడు దాకా పసుపు రంగు. ఆ పైన ఎరుపు. పదకొండు అని రాశాను. గడి తనంతట తానే ఎర్రబడింది. నేను మాత్రం ఎర్రబడలేదు. టీ తాగి ఇంకో ఫైలు తీశాను. ఈ సంగతి నేను దాచదలచుకోలేదు. ఈ అర్జీలో మొదటి ముద్దాయి నేనే.

3. నివేదిక పంపిన ఎనిమిదో రోజున ఆ పెద్దాయన మా ఆఫీసుకు వచ్చారు. భుజాన పనిముట్ల సంచి, చేతిలో 'ప్రతికూల నేపథ్య సమాచారం కారణంగా నియామకం నిలిపివేయడమైనది' అని విదేశీ కంపెనీ పంపిన ఉత్తరం. కింద మా సంస్థ పేరు ఉండటం వల్ల మెట్లెక్కి వచ్చారు.

"అమ్మాయీ, ఇందులో నేనేం చేశానని రాసుందమ్మా?"

"పదకొండు జప్తుల్లో మీ పేరుందండీ."

"పదకొండేనా?" ఆయన వేళ్ళు ముడిచి లెక్కపెట్టుకున్నారు. "పధ్నాలుగుండాలే. మూడిట్లో రాయడం మర్చిపోయారేమో. వెళ్ళి చెప్పి రానా?"

అయ్యా, నా ఉద్యోగానుభవములో తన మీద ప్రతికూల సమాచారము తక్కువగా ఉన్నదని బాధపడిన మనిషిని మొదటిసారి చూశాను.

"అసలు మీరెందుకున్నారండీ అక్కడ?"

"భలేదానివే! నేను లేకపోతే తలుపెవరు తీస్తారమ్మా?"

4. ఇది తమకు తెలియనిది కాదు. జప్తుకు వెళ్ళిన అధికారులకు ఇంటి తలుపు తాళం వేసి కనిపించినప్పుడు తాళాలు తీసేవాణ్ని పిలుతురు. ఈ ఊళ్ళో ఆ పని చేసేవారు అయిదుగురున్నారు. మీ వాళ్ళు ప్రతిసారీ ఈయన్నే ఎందుకు పిలిచారని నేను ఆరా తీశాను (ఈసారి మనుషుల్ని అడిగి). తాళం తీశాక ఆయన లోపలికి చూడరు. తలుపు తోసి, గిరుక్కున వెనక్కి తిరిగి, వీధి వైపు ముఖం పెట్టి నిలబడతారు. సంతకానికి పిలిచినప్పుడే ఇటు తిరుగుతారు. ఎందుకలా అని అడిగితే, "తాళం తీయమన్నారు గానీ, వాళ్ళ సంసారం చూడమనలేదు కదమ్మా," అన్నారు.

నమ్మకస్తుడు గనుక పదకొండుసార్లు పిలిచారు. పదకొండుసార్లు పిలిచారు గనుక నమ్మలేము అంటున్నారు. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి తమరు ఒక్కసారి చదువుకోవలెనని ప్రార్థన.

5. నేను వెంటనే మా మేనేజరు గారి దగ్గరకు వెళ్ళి నివేదిక సరిచేయమన్నాను.

"నువ్వు రాసింది అబద్ధమా?" అన్నారాయన.

"కాదండీ."

"మరి?"

"నిజమేనండీ, కానీ తప్పు."

"నిజం తప్పెలా అవుతుందమ్మా? కాలేజీలో ఇదేనా నేర్పింది?"

మరీ పట్టుపట్టగా విదేశానికి ఒక ఉత్తరము రాశారు. మంచి మనిషే, కాకపోతే గోడ మీద పిల్లి వాటం. అక్కడి వారి జవాబు ఏమనగా, సమాచారము ఎక్కడ పుట్టినదో అక్కడి అధికారే వివరణ ఇవ్వవలెను. ఇరవై ఐదవ తేదీ దాటినచో రెండో వరుసలో ఉన్నతన్ని నియమించెదరు. ఆ రెండో అతని పేరు నేను కొట్టి చూశాను. ఒక్క మచ్చ లేదు. ఎలా ఉంటుంది? అతను తాళాలు అమ్ముతాడు. జన్మలో ఒక్కటీ తీసిన పాపాన పోలేదు.

6. అందుమీదట తమ కార్యాలయమునకు మూడుసార్లు వచ్చాను. తమ వరండాలో బల్లకు ఒక కాలు పొట్టి. దాని కింద పాత ఫారాల కట్ట పెట్టారు. మూడుసార్లూ ఆ పొట్టికాలి వైపే నాకు చోటు దొరికింది. మూడోసారి కిటికీ దగ్గర గుమాస్తా గారితో జరిగిన సంభాషణను ఉన్నదున్నట్టు సమర్పించుకొనుచున్నాను.

"మేం నకళ్ళు ఇస్తాం. అర్థాలు ఇవ్వం."

"నకలే ఇప్పించండి. అసలు కాగితంలో ఆయన పేరు పక్కన ఏ పనిమీద వచ్చాడో ఉంటుంది కదా."

"అసలు కాగితాలు బీరువాలో ఉన్నాయి."

"బీరువా తీయండి."

"తాళంచెవి లేదు. ముందున్నాయన రిటైరై వెళ్తూ ఎక్కడ పెట్టాడో ఆయనకే గుర్తు లేదట."

"మరి ఇన్నాళ్ళూ ఎవరికీ అవసరం పడలేదా?"

"పడింది. వాళ్ళూ నీలాగే వచ్చి వెళ్ళారు."

ఈ విషయములో నేను వ్యాఖ్యానించదలచుకోలేదు. వ్యాఖ్యానిస్తే అర్జీ అర్జీలా ఉండదు.

7. సదరు పెద్దాయన కొట్టు ఒక మేడమెట్ల కింద ఎనిమిదడుగుల జాగా. గోడ నిండా మేకులు. ఆ మేకులకు వేలాడేవి అమ్మకానికి ఉంచిన తాళంచెవులు కావు. ఆ వీధిలో జనం తమ ఇళ్ళ రెండో తాళంచెవులు ఆయన దగ్గర దాచుకుంటారు. పోగొట్టుకుంటే పరుగెత్తుకు రావడానికి. ఇరవై ఏళ్ళుగా అదీ ఆయన పరపతి.

విదేశీ కంపెనీ ఇంగ్లీషు ఉత్తరం ఆయనకు అర్థం కాక పక్క కొట్టతనితో చదివించుకున్నారు. నేను చెప్పిన అంకె దానికి తోడై, సాయంత్రానికల్లా వీధంతా 'పదకొండు కేసులట' అయ్యింది. నేను వెళ్ళేసరికి ఒకావిడ తన తాళంచెవి వెనక్కి తీసుకుంటోంది. "ఊరికే బాబాయ్, మా ఆయన అడిగారు," అంటోంది గానీ కళ్ళు నేల మీదే ఉన్నాయి. ఆయన మేకు మీంచి తీసి, తన చొక్కాతో తుడిచి మరీ ఇచ్చారు.

ఆయన భార్య నాకు కుర్చీ వేసింది. నేనెవరో చెప్పాక కూడా తీసెయ్యలేదు.

"ఇవాళ్టికి తొమ్మిది మేకులు ఖాళీ అయ్యాయి తల్లీ," అంది. "అంకెలు నొక్కే తాళాలొచ్చాక ఈ పుల్ల పెట్టి తిప్పే పనికి ఎలాగూ కాలం చెల్లింది. ఆ కంపెనీవాళ్ళు కొత్త పని నేర్పుతామంటే ఈయన ఎంత మురిసిపోయాడనుకున్నావ్! కళ్ళజోడు కూడా మార్పించుకున్నాడు. ఈ వయసులో బడికెళ్ళే పిల్లాడల్లే పుస్తకం కొనుక్కొచ్చాడు."

"ఊరుకోవే. పాపం, ఆ అమ్మాయి ఏం చేస్తుంది? గడిలో ఎంతుంటే అంత రాసింది," అన్నారాయన.

అయ్యా, ఆయన తిట్టి ఉంటే ఈ అర్జీ ఇంత పొడుగు అయ్యేది కాదు.

8. ఇంటికి వెళ్ళి మా అమ్మతో చెప్పాను. "చేసిందంతా చేసి చేతులు దులుపుకోవడం మన ఇంటా వంటా లేదు. నువ్వు వేసిన ముడి నువ్వే విప్పు," అని అన్నం పెట్టకుండా లేచి వెళ్ళిపోయింది. నేను వేసిన ముడిలో రెండు కొసలున్నాయి. ఒకటి నా చేతిలో ఉంది. రెండోది తమ బీరువాలో ఉంది.

కావున ప్రార్థించుకొనునది: బీరువా తెరిపించి, కాగితములు చూచి, ఈ కింది వాక్యము మీద తమ సంతకమూ ముద్రా దయచేయించవలెను. తమకు శ్రమ లేకుండా నేనే రాసి పెట్టాను.

'పై జప్తులయందు సదరు వ్యక్తి తాళము తెరచుటకు అధికారులచే పిలువబడినవాడు మాత్రమే. జప్తుతో ఆయనకు మరే సంబంధమూ లేదు.'

రాయడానికి నాకు అర నిమిషం పట్టింది. చదవడానికి తమకు అంతకన్నా పట్టదు. ఈ రోజు ఇరవై మూడవ తేదీ.

ఇన్ని చెప్పి విసిగించినందుకు మన్నించి, విసుగు తీరాకనైనా చిత్తగించవలెను.

ఇట్లు,
ఈ పని అయ్యేదాకా కిటికీ వదలని
తమ విధేయురాలు

తా.క.: పైదంతా నిన్న రాసినది. ఇవాళ పొద్దున దీన్ని కిటికీలో ఇస్తే గుమాస్తా గారు నిలబడే మొత్తం చదివారు. ఏడో అంశం దగ్గర కూర్చున్నారు. చివరికి కళ్ళజోడు తీసి, "సరే, తాళాలు తీసేవాణ్ని ఎవర్నయినా పిలిపిద్దాం. నీకెవరైనా తెలుసా?" అన్నారు.

తెలుసన్నాను.

ఆయన వచ్చారు. నాలుగు నిమిషాలు పట్టింది. బీరువా తలుపు లాగి, గిరుక్కున తిరిగి కిటికీ వైపు ముఖం పెట్టి నిలబడ్డారు. ఆయన వీపు వెనక గుమాస్తా గారూ నేనూ కట్టలు విప్పాం. పధ్నాలుగు ఉన్నాయి. పధ్నాలుగింటిలోనూ ఆయన చేతిరాతతోనే ఉంది: 'తాళము తెరచినవాడు', కింద సంతకం. నకళ్ళు దీనికి జతపరచడమైనది.

అయితే బీరువా తెరిచినందుకు కూడా ఒక నివేదిక రాయాలట. అందులో హాజరైనవారి పేర్లు ఒకే వరుసలో, కామాలతో. అదీ మీ సూచికలోకే ఎక్కుతుందట. "పేర్ల పక్కన ఎవరేమిటో రాయండి," అన్నాను. "గడి లేదమ్మా," అన్నారు గుమాస్తా గారు, ఈసారి కొంచెం సిగ్గుపడుతూ. దాంతో కలం నేనే తీసుకుని అంచున ఖాళీలో రాశాను. ప్రభుత్వ కాగితం మీద రాయడం తప్పయితే ఆ శిక్ష నాకే వేయండి.

ఆయన పేరు పక్కన: తాళం తీసినాయన.

నా పేరు పక్కన: తప్పు రాసినమ్మాయి.

చివరి సంతకం తమరిది. ఆ పక్కన కూడా కొంచెం జాగా వదిలాను. రేపు సాయంత్రం అయిదింటికి వచ్చి చూసుకుంటాను.