నీ పిల్లల ఆటలో నా వేషం

సరస్వతీ,

నీ మూడో మాసికం నిన్న అయింది. పంతులుగారికి లోకల్ ట్రైన్ తొందర, మంత్రాలు కూడా రైలు వేగంతోనే నడిచాయి.

ఇంట్లో మిగిలిన నీ గుడ్డబొమ్మలు ఇచ్చేద్దామని ఈ రోజు లిలువాలో నువ్వు పాఠాలు చెప్పిన నర్సరీ బడికి వెళ్లాను. పిల్లలు ఆస్పత్రి ఆట ఆడుతున్నారు. ఒక పిల్ల చాప మీద పడుకుని నువ్వయింది. ఒకడు రిబ్బనుతో సెలైన్ పెట్టాడు.

నీ బదులు వచ్చిన బెంగాలీ టీచరమ్మ కంగారుపడి, "దాదా, ఆపించనా?" అని అడిగింది. ఆట మధ్యలో పెద్దవాళ్లు వేలు పెట్టకూడదన్న నీ రూలు చెప్పాను. నీ మాట నేను వినడం అదే మొదలేమో.

ఇంతలో మన పక్కింటి చిన్ని వచ్చి నా చెయ్యి లాగింది. నువ్వు పోయాక క్లాసులో ఒక్క మాటైనా మాట్లాడని పిల్ల.

"తాతా, నువ్వు టీచరాంటీ మొగుడివి. ఇక్కడ కూకో. ఏడువు."

"నాకు రాదే అమ్మా. నవ్వితే సరిపోదేటి?"

"సరిపోదు. మా మామ్మ పోయినపుడు తాత ఏడిసినాడు. నువ్వూ ఏడవాల."

కళ్లు నులుముకుని దొంగ ఏడుపు ఏడ్చాను.

"అలాక్కాదు," అని కసిరి, ఎలా ఏడవాలో చూపించడానికి నా భుజం మీద తల పెట్టింది. చూపిస్తూ చూపిస్తూ నిజంగానే ఏడ్చేసింది. ఆ తర్వాత నాకూ వచ్చింది.

మిగతా పిల్లలు ఆట ఆపలేదు. నువ్వయిన పిల్ల కళ్లు తెరవలేదు.

బాగా చేశానని చిన్ని అనలేదు. రేపు నువ్వయ్యే వంతు తనదట, తప్పకుండా రమ్మంది.