బస్తా బరువు మోటారు

కంభం చెరువు కట్ట

ప్రియమైన కేథరిన్‌కు,

మార్కాపురం హాస్టల్లో పక్కపక్క మంచాల స్నేహం కొద్దీ అడుగుతున్నాను, నవ్వకు. మా పడవకు మోటారు కావాలి. ఫోన్ చేద్దామంటే షాపులో పడవ ఇంజన్లు బాగుచేస్తూ చెవులు పాడుచేసుకున్నదానివి. నేను అరిస్తే ఊరంతా వింటుంది, నువ్వు తప్ప. మెసేజ్ పెడదామంటే ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ మా ఆయన ఓబులేసు దగ్గరే ఉంటుంది.

ఆయన గిద్దలూరు రోడ్డులో బండి మీద నుంచి పడ్డాడని రాశాను కదా. కుడి భుజం ఇక పైకి లేవదన్నారు. తెడ్డు వేయలేడు. రోజూ గట్టున కూర్చుని పక్కవాళ్ళ పడవలు చూస్తుంటాడు. మొన్న దర్శి నుంచి ఒకాయన వచ్చి మా పడవకు బేరమాడి పోయాడు. అది అమ్మేస్తే ఈయన ఏ అపార్ట్‌మెంటు గేటు దగ్గరో కుర్చీ వేసుకోవాలి. ఏ గాలికి చేప ఏ మూలకు చేరుతుందో గట్టున నిలబడే చెప్పగల మనిషి, నీళ్ళు లేని చోట బతకడే.

బోర్లకు మోటార్లు దింపే మా బావ చిన్నమల్లయ్యను అడిగాను. "మన పొలంలో బోరుకే పది హార్స్ పవర్ ఏసినాం. చెరువు నడిమధ్యన ఎంత లోతుందో ఏమో! పదిహేనుకు తక్కువైతే లాగదమ్మా" అన్నాడు. ఊళ్ళో అందరిదీ అదే మాట. పదిహేనుది ఒకటి చూసిపెట్టు.

నీ రాధాకుమారి

* * *

ఓడరేవు

నా రాధకు చెవిటిదాని ముద్దులు.

నవ్వకు అన్నావు కానీ, మా ఆయన వెస్లీ షాపులోంచి పరిగెత్తుకొచ్చేంత నవ్వాను. మీ బావను తప్పుపట్టను. పాతాళంలో నీళ్ళు వెతుక్కునే ఊళ్ళలో లోతును బట్టే మోటారు కొంటారు. కానీ పడవ నీటి పైన పోతుందే తల్లీ, అడుగు నుంచి నీళ్ళు తోడదు. చూడాల్సింది చెరువు లోతు కాదు, పడవ. ఎంత పొడవు, ఎంతమంది ఎక్కుతారు, వలా చేపలూ కలిపి ఎంత బరువు, మోటారు తగిలించే వెనక పలక ఎంత ఎత్తు, ఇవి రాయి. చిన్న పడవకు పెద్ద మోటారు పెడితే వెనక కుంగుతుంది, ముందు లేస్తుంది, జోరు మీద తిప్పితే బోల్తా పడుతుంది. పైగా పదిహేనుది రెండు పాతిక కిలోల బియ్యం బస్తాలంత ఉంటుంది. ఐదుదైతే ఒక్క బస్తా. రోజూ రేవు నుంచి ఇంటికి మోసుకుపోవాలి, వదిలేస్తే తెల్లారేసరికి మాయం.

ఇంకో సంగతి. ఇవి తాడు గుంజితేనే స్టార్టవుతాయి. ఎవరు గుంజుతారు? ఓబులేసు జవాబు నాకొద్దు, నీ జవాబు కావాలి.

అవునూ, నీకిప్పటికీ టూ ఫోర్ గాజులేనా? అవి నా చేతికి ఎక్కక ఏడ్చేదాన్ని, గుర్తుందా?

నీ కేథరిన్

* * *

కంభం చెరువు కట్ట

కేథీ,

పడవ పద్నాలుగు అడుగులు. ఇద్దరు మనుషులు, ఒక వల, బాగా పడిన రోజు నాలుగు గంపల చేపలు. పలక ఎత్తు కొలిచిన పురికొస ఈ కవర్లోనే పెట్టాను.

బరువు మాత్రం నీ మాట నమ్మి ఊరుకోలేదు. రెండు బియ్యం బస్తాలు రేవుకు తెచ్చి, వెనక పలక దగ్గర పెట్టి, పక్కన ఓబులేసును కూర్చోబెట్టాను. పలకకూ నీళ్ళకూ మధ్య నాలుగు వేళ్ళు కూడా మిగల్లేదు. ఇంతలో ఇంకో పడవ పోతే అల లోపలికొచ్చి ఒక బస్తా తడిసిపోయింది. దాన్ని తీసేస్తే పడవ నిమ్మళంగా కూర్చుంది. ఆ మిగిలిన బస్తాను భుజానేసుకుని ఇంటిదాకా నడిచాను. మధ్యలో దించుకున్నాను కానీ మోశాను. రెండైతే నా వల్ల కాదు.

"ఏందమ్మా, మోటారు కొంటాండావా, బియ్యం అమ్ముతాండావా?" అన్నాడు బావ. తడిసిన బియ్యంతో దోసెలు పోసి పెడితే తిని, ఐదుదే తీసుకోమన్నాడు.

తాడు ఎడమ చేత్తో గుంజుతానంటున్నాడు ఓబులేసు. మా రేవులో ఆడవాళ్ళు పడవ ఎక్కరు, గంపతో గట్టున నిలబడటమే. బస్తాలు కూడా నీళ్ళలో నిలబడే పెట్టాను. కాబట్టి నా జవాబంటూ ఏమీ లేదు.

గాజులు టూ ఫోరే. ఎందుకు?

రాధ

* * *

ఓడరేవు

బంగారు తల్లి రాధకు,

నీ ఉత్తరం షాపుకొచ్చిన ప్రతివాడికీ చదివి వినిపించాను. పక్కవాడికి తొమ్మిదుంటే నాకు పదిహేను కావాలని కొనేవాళ్ళనే ఇన్నేళ్ళూ చూశాను. కొనకముందే మోటారు బరువును పడవలో పెట్టి చూసినదానివి నువ్వొక్కదానివే. నా స్నేహితురాలని చెప్పుకుని ఎంత మురిసిపోయానో!

కనిగిరి మీదుగా వచ్చే వ్యానులో ఐదుది పంపుతున్నాను. పాతదే, నేనే విప్పి బిగించాను. నీ పురికొస ప్రకారం, నీళ్ళలోకి దిగే కాలు పొట్టిగా ఉన్నది. తాడు పిడికీ నడిపే హ్యాండిల్‌కీ ఉన్న లావు రబ్బరు తీసేసి కొత్తది వేశాను. మొదటి రోజు ఏమైందో దాచకుండా రాయి.

కేథరిన్

* * *

కంభం చెరువు కట్ట

దొంగమొహం కేథీకి,

దాచకుండానే రాస్తున్నాను. ఊరంతా గట్టు మీదే ఉంది, దర్శి ఆయన కూడా. బావ కొబ్బరికాయ కొట్టాడు. ఓబులేసు ఎడమ చేత్తో తాడు గుంజాడు. మోటారు పలకలేదు. మళ్ళీ గుంజాడు, తూలి పడబోయాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. నేను గంప కింద పెట్టి మొహం తిప్పుకున్నాను. పడవ పోయినట్టే అనుకున్నాను.

ఓబులేసు ఆ పిడిని పట్టి, వదిలి, తన గుప్పిట వంక చూసుకున్నాడు. "ఇది నా చేతికి చేసింది కాదు. వేళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కతాండాయి. నువ్వు రా" అన్నాడు.

"అందరి ముందర ఏంది?" అన్నాను.

"అందరూ ఉన్నప్పుడే రా. మళ్ళీ ఒక్కొక్కరికీ చెప్పే పనుండదు."

ఆ మాటకు నా మొగుడు నాకు ఎంత ఎత్తుగా కనిపించాడో! కుచ్చిళ్ళు దోపి ఎక్కాను. పిడి నా గుప్పిట్లో అచ్చంగా ఇమిడింది. గాజుల సైజు ఎందుకడిగావో అప్పుడు తెలిసింది. నేను రాయలేకపోయిన జవాబు నువ్వు రబ్బరు చుట్టి పంపావు. రెండో గుంజుకు మోటారు పలికింది.

ఇప్పుడు ఆయన ముందు కూర్చుని ఎడమ చేత్తో దారి చూపిస్తాడు, నేను నడుపుతాను. వల ఇద్దరం కలిసి లాగుతాం. దర్శి ఆయన ఆ రోజే బస్సెక్కి పోయాడు.

మా పక్కింటి మాలకొండమ్మ, మొగుడు బెంగళూరు పనికి పోతే పడవను గట్టున బోర్లించి పెట్టుకుంది. నిన్న పొద్దున బియ్యం బస్తా నెత్తిన పెట్టుకుని రేవుకొచ్చింది. పడవ తిరగేయించి, వెనక పలక దగ్గర బస్తా పెట్టి చూసుకుని, నా దగ్గరికొచ్చింది.

"నీ స్నేహితురాలికి రాయి, రాధా. నాయి టూ సిక్స్ గాజులు."

నీ రాధ